దొరకని సామాను

పాత కార్లను ముద్దు చేసే మగవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొన్న మా వీధిలో ఒకాయన తుప్పు పట్టిన బండిని కడుగుతూ, "గిప్పటి బండ్లల్ల గీ ఇనుము ఏడిదమ్మా" అని మొదలుపెట్టాడు. ఇనుము సంగతి నాకు చెప్పొద్దని మొహం మీదే అనేసి తలుపేసుకున్నాను. పాపం, ఆయన తప్పేమీ లేదు. ఆయన చేతిలోని తడిబట్ట చూస్తే నాకు గుర్తొచ్చిన మనిషి వేరు.

మాది సిరిసిల్ల. మా ఆయనకు నాలుగు సాంచాలుండేవి. కరెంటు మగ్గాలను మావైపు అట్లాగే అంటారు. నక్సలైట్లకు, అంటే మా నోట అన్నలకు, భయపడి ఊళ్ళలోని భూస్వాములు పట్నాలకు తరలిపోతున్న రోజులవి. రాయికల్ దిక్కున ఒక దొర అట్లాగే హైదరాబాద్ వెళ్ళిపోతూ తన ముసలి అంబాసిడర్‌ను అడ్డికి పావుసేరుకు అమ్మేస్తే, మా ఆయన కొనుక్కొచ్చాడు. అది మా వాకిట్లో ఆగేసరికి సైలెన్సర్ సగం ఊడి వేలాడుతోంది. దొర కూర్చున్న సీట్లో కూర్చున్నానని ఆయనకు నేల మీద కాలు నిలవలేదు. నాతో మాత్రం, "మీ అమ్మకు ఎప్పుడేమన్నయితే బస్సు కోసం సూసే పనే లేదు. చిటికెల కోరుట్లల ఉంటం" అన్నాడు. నేను నమ్మాను. కోరుట్లలో మా అమ్మ నాకంటే ఎక్కువ నమ్మింది.

ఆ కారు తిన్నంత మా ఇంట్లో ఎవరూ తినలేదు. రేడియేటర్ కారేది, క్లచ్ జారేది, వానొస్తే కాళ్ళ కింద నీళ్ళు నిలిచేవి. జగిత్యాలలో ఒక మెకానిక్ ఉండేవాడు. మా ఆయన అత్తగారింటికి పోయినదానికంటే ఎక్కువసార్లు ఆ షెడ్డుకు పోయాడు. సాంచా మోటారు కాలిపోతే అది నెలల తరబడి మూలన పడుండేది, కారుకు మాత్రం కొత్త బ్యాటరీ వచ్చేది. నా మెడలోని బంగారు గుండ్లు కారు బరువు మోసే కమాన్ పట్టీల కింద పోయాయి. ఇంజను బోరుకొచ్చింది, మొత్తం విప్పి చెయ్యాలని మెకానిక్ చెప్పినప్పుడు, పోనీలే, ఇక అమ్మేస్తాడని సంబరపడ్డాను. సంగతి తెలిసి మా అమ్మ తన కాళ్ళ కడియాలు తీసి అల్లుడి చేతిలో పెట్టింది.

"నాకు పాణం బాగలేకుంటె నా బిడ్డను తెచ్చేది గిదే గద" అంది.

ఆయన సిగ్గు లేకుండా తీసుకున్నాడు.

అబద్ధమెందుకు, నాకూ ఆ కారు నచ్చిన పూట ఒకటుంది. ఇంజను బాగయ్యాక మా అమ్మను ఎక్కించుకుని కొండగట్టు పోయాం. మల్యాల దాటాక ఆమె కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, దారిన పోయే వాళ్ళందరికీ ఊపింది. ఆ పూటను తలుచుకుంటే ఇప్పుడు ఇంకా కోపమొస్తుంది.

ఆ రోజుల్లో కారున్న ఇంటికి రెండు వైపుల నుంచీ పిలుపే. పగలు పోలీసులు డ్యూటీకని అడిగేవాళ్ళు, మాపటికి అన్నల మనుషులు అడిగేవాళ్ళు. ఒకరికిస్తే రెండోవాళ్ళు ఊరుకోరు. అందుకని కార్లున్నవాళ్ళు ఒక ఉపాయం పట్టారు. ఇంజనులో రోటర్ అని బొటనవేలంత ముక్క ఉంటుంది. దాన్ని పీకేస్తే బండి మూలుగుతుందే తప్ప అందుకోదు. ఇంటికి రాగానే మా ఆయన దాన్ని తీసి, తుడిచి, నా పోపుల డబ్బాలో ఆవాల కింద దాచేవాడు. పరుపులు చింపి వెతికేవాళ్ళు కూడా పోపుల డబ్బా ముట్టరని ఆయన ధీమా.

"ఖరాబైంది సారు. సామాను దొర్కుతలేదు" అని పోలీసులకు చెప్పేవాడు.

"ఖరాబైంది అన్నా. సామాను దొర్కుతలేదు" అని అన్నల మనుషులకు చెప్పేవాడు.

మొహం నిండా దిగులు పెట్టుకుని, తాళం తిప్పి ఆ మూలుగు కూడా వినిపించేవాడు. పక్కన నిలబడి నేను తల ఊపేదాన్ని. వాళ్ళు పోయాక లోపలికొచ్చి ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఒక వానాకాలం అన్నలు బంద్‌కు పిలుపిచ్చారు. బస్సులన్నీ డిపోలోనే ఆగిపోయాయి. పొద్దున్నే నూలు షావుకారి ఇంటికి మా తమ్ముడు కోరుట్ల నుంచి ఫోన్ చేశాడు. అమ్మకు ఊపిరి అందడం లేదట, నన్నే అడుగుతోందట. పరుగెత్తుకొచ్చేసరికి మా ఆయన వాకిట్లో కారు తుడుస్తున్నాడు. ముందురోజే అందులో వేములవాడ పోయొచ్చాడు.

"జెర బండి తియ్యరాదు. అమ్మ దక్కేటట్టు లేదు" అన్నాను.

ఆయన తడిబట్ట పక్కన పెట్టాడు. మొహంలోకి ఆ దిగులు తెచ్చుకున్నాడు.

"ఖరాబైందే. సామాను దొర్కుతలేదు" అన్నాడు.

తాళం తిప్పి నాకూ వినిపించాడు.

నేను వంటింట్లోకి పోయి పోపుల డబ్బా తీసి ఆవాలు పక్కకు జరిపాను. రోటర్ అక్కడే ఉంది. బంద్ రోజు బండి కనబడితే మనుషులను దింపి బండిని మాత్రమే తగలబెడతారని ఊరంతటికీ తెలుసు. అంతకుముందు ఎవరిదో జీపు కాలిపోయిన కబురొస్తే, "మంచి ఇంజను పాయె" అని ఆయన ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. బండి పోతుందని భయమైతుందని నాతో అని ఉంటే తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, కానీ మనిషినని గుర్తుపెట్టుకున్నాడని అనుకునేదాన్ని. నన్ను కూడా పోలీసుల వరసలో నిలబెట్టాడు. రోటర్ తెచ్చి చూపిస్తే ఇంకో అబద్ధం వినాలి. డబ్బా మూత పెట్టేశాను.

బస్సులు కదిలిన పొద్దున మొదటి బస్సుకు పోయాను. మా అమ్మను అప్పటికే కాటికి తీసుకుపోయారు. చివరిదాకా వీధి వైపే చెవి పెట్టి, "హారన్ గొట్టిండ్రా" అని అడుగుతూనే ఉందని తమ్ముడు చెప్పాడు.

దశదిన కర్మకు మా ఆయన వచ్చాడు. కారులోనే వచ్చాడు, వీధి మొదట్లోంచే హారన్ కొట్టుకుంటూ. కార్యం అయ్యాక బండి స్టార్ట్ చేసిపెట్టి, నా కోసం ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"బావా, ఇంజను మంచిగ చేపిచ్చినవే" అన్నాడు మా తమ్ముడు.

"ఎక్కు, పోదాం" అన్నాడు మా ఆయన నాతో.

"సామాను దొర్కిందా?" అని అడిగాను.

ఆయన భుజం మీది తువ్వాల తీసి బానెట్ మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. నేను సంచి అందుకుని బస్టాండు దిక్కు నడిచాను. మా అమ్మ కడియాలతో బాగైన ఇంజను నా వెనక చాలా దూరం వరకు వినిపించింది.