మగ్గం గుంట దాకా పడిన కుడి అడుగులు

దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ణి. బడిలో నాలుగో తరగతి దాటలేదు గాని, మగ్గం దిగి శాఖా గ్రంథాలయానికి పోయి వైద్యం మీద, మనస్తత్వం మీద దొరికిన పుస్తకాలన్నీ చదివాను. ఆ చదువంటే నాకు గర్వం. అయినా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం దగ్గర నేతపనివాళ్ళ ఊరు. ఇది పంతొమ్మిది వందల అరవై ఏడులోనో, ఎనిమిదిలోనో జరిగింది. పడుచుతనంలో బండి మీంచి పడి విరిగిన కుడి చీలమండ వంకరగా అతికి, కీలు అరిగిపోయింది. అడుగు తీస్తే ప్రాణం పోయేది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో ఆ కీలు తీసేసి ఎముకల్ని ఒకటిగా అతికించే ఆపరేషన్ చేశారు. మోకాలి దాకా పిండికట్టు. మూడు నెలలు కాలు నేలకి ఆనించకూడదన్నారు. ఆనిస్తే ఎముక అతకదు. అతక్కపోతే మగ్గం లేదు. మగ్గం కింది గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని, రెండు కాళ్ళతో కర్రలు తొక్కితేనే బట్ట నేయగలం.

శుక్రవారం పొద్దున్నే నా భార్య సూరమ్మ మట్టినేల పేడతో అలికి నీళ్ళకి పోయేది. ఆరేదాకా ఎవరూ తొక్కకూడదు. ఇంటికొచ్చిన నెలకి ఒక శుక్రవారం నేను మంచం మీద పుస్తకం చదువుతున్నాను. ఆమె బిందె దించి నేల వైపు చూసింది.

"ఏటి మావా, కాలు కింద ఎట్టీసినావా? డాట్రుబాబు ఏటి సెప్పినాడు?"

మంచం దగ్గర్నుంచి మగ్గం గుంట దాకా తడి అలుకులో ఐదు అడుగులు. అన్నీ కుడికాలివే. ముద్రలో మడమ దగ్గర నా చిన్నప్పటి గొడ్డలి దెబ్బ మచ్చ కూడా ఉంది.

"నాను దిగనేదే. కట్టు సూడు, పేడ అంటుకున్నాదేటి?"

"మరి ఆ మచ్చ నీది కాదేటి? బుక్కులన్నీ నమిలేసినావు కదా, ఇది ఏ బుక్కులో ఉన్నాదో సెప్పు."

కట్టు మీద మరక లేదు. మడమ మొత్తం కట్టు లోపలే ఉంది.

నిద్రలో నడక గురించి చదివాను. కాని నేను నిద్రపోలేదు. అయినా తర్వాతి శుక్రవారం ఎడమకాలి బొటనవేలికి నూలుపోగు కట్టి మంచంకోడుకి ముడేశాను. పోగు తెగలేదు, అడుగులు పడ్డాయి. పడుతుండగా మాత్రం చూడలేదు. పేజీ తిప్పి చూసేసరికి ఉన్నాయి. అలా ఆరు శుక్రవారాలు. కాలు చేజేతులా పాడుచేసుకుంటున్నానని సూరమ్మ ఏడ్చేది. వాదించే ఓపిక పోయింది. ఎముక అతకదేమోనని నాకూ భయం పట్టుకుంది.

కట్టు కోసిన రోజు డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూశాడు. బరువు మోపి ఉంటే ఇంత చక్కగా అతకదన్నాడు. సూరమ్మ ఆ ఎక్స్‌రే అడిగి తీసుకుని మడమ దగ్గర వేలు పెట్టి చూసింది. ఆ తర్వాత అడుగులు పడలేదు.

ఆర్నెల్లకి, ఆపైన ఏడాదికోసారి బస్సెక్కి చూపించుకుని వస్తున్నాను. ప్రతిసారీ ఒకటే మాట: బాగుంది, చీలమండ ఇక వంగదు. కర్రని మోకాలి బలంతో తొక్కడం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. పాత నేతలో సగం నేస్తాను. సాయంత్రానికి నడుం పట్టేస్తుంది.

వంగని పాదం ముద్ర బల్లపరుపుగా పడుతుంది. ఆ శుక్రవారాల ముద్రల్లో వేళ్ళు లోతుగా దిగి ఉండేవి. బండి మీంచి పడకముందు నా నడక అది. కట్టులో ఉన్న కాలు అలా ఎలా నడిచిందో ఎంత చదివినా తేలలేదు.

ఇప్పుడు పొరపాటున తడి అలుకు తొక్కితే సూరమ్మ తిట్టదు. ఆ బల్లపరుపు ముద్ర పక్కన కూర్చుని కాసేపు చూస్తుంది. "ఇది నీదే మావా" అని అరచేత్తో చెరిపేస్తుంది.