నా మీద ఒట్టేసి అమ్మిన కారు

నాకు పళ్లూడే వయసులో మా వాకిట్లో ఒక తెల్ల కారు ఉండేది... కోరుట్ల పక్కన మా వాడలో అదొక్కటే కారు. బాపు, అంటే నాన్న, దుబాయి నుంచి వచ్చాక సెకండ్ హ్యాండ్‌లో కొని కిరాయికి తిప్పేవాడు. బడికి నడిచే వెళ్లేదాన్ని గానీ నా బడాయి మాత్రం కార్లో వెళ్లేది!

ఒకసారి ధర్మపురికి దర్శనానికి వెళుతుంటే బర్రె అడ్డమొచ్చింది. బాపు స్టీరింగు తిప్పాడు... కారు పల్టీ కొట్టి పొలంలో పడింది. బాపు, అవ్వ (మా వైపు అమ్మను అవ్వ అంటాం), నేను... ముగ్గురం బురద కొట్టుకుని బయటికొచ్చాం. ఎవరికీ ఏమీ కాలేదు. కోరుట్లలో మేస్త్రి సొట్టలన్నీ తీసి రంగేశాడు. పైకి కొత్త పెళ్లికూతురే... కానీ నడుపుతుంటే ఎడమకు గుంజేది.

అంతలో బాపుకు మళ్లీ వీసా వచ్చింది. కారు అమ్మేయాలి. మా దగ్గర పల్టీ కొట్టిన బండిని ఎవరూ ముట్టరు... అపశకునం అంటారు.

సిరిసిల్ల నుంచి రాజేశం అనే ఆయన వచ్చాడు. మరమగ్గాలు నడిపే మనిషి. కారు చుట్టూ తిరిగాడు, టైర్లు తన్ని చూశాడు, కాగితాలు చూశాడు. బాపు కూడా అడగకముందే అన్నీ చెప్పాడు... బ్యాటరీ పాతదని, హారన్ దానికి బుద్ధి పుట్టినప్పుడే మోగుతుందని. చిన్నవన్నీ చెప్పేశాడు.

"నాకు మగ్గం తెలుసు గని కారు తెల్వదన్నా. ఎక్కడన్న గుద్దిందా? పల్టీ గిట్ల కొట్టిందా?" అన్నాడు రాజేశం.

"లేదు తమ్మీ."

"నీ బిడ్డ మీద ఒట్టేసి చెప్పు... గంతే, ఇంకేం అడుగ."

బాపు నన్ను పిలిచాడు. నా తల మీద చెయ్యి పెట్టి, "లేదు" అన్నాడు. ఆ పల్టీలో నేనూ ఉన్నదాన్నే కదా! బాపు మొహంలోకి చూశాను... ఆయన గోడ వైపు చూస్తున్నాడు. నాకు సిగ్గేసింది. ఎందుకో అప్పుడు తెలియదు, ఒళ్లంతా సిగ్గేసింది.

అవ్వ పొలం నుంచి రాగానే చెప్పేశాను. ఆమె నెత్తి మీది గంప కూడా దించలేదు.

"నీకు సిగ్గున్నదా? కారు పోతే ఇంకోటి అస్తది. పోరి పోతే అస్తదా?" అని బాపు మీద పడింది. ఉప్పు, మిరపకాయలు నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. వాన నీళ్లలో ఆడినందుకో ఏమో, ఆ వారంలోనే నాకు జ్వరం పట్టుకుంది. ఇంకేముంది! "పొయ్యి ఆయనకు నిజం చెప్పు. ఒట్టు పెట్టిచ్చుకున్నోడే తియ్యాలె" అంది. జ్వరం తగ్గీ తగ్గకముందే నన్ను తీసుకుని బాపు సిరిసిల్ల బస్సెక్కాడు.

రాజేశం ఇంట్లో మగ్గాల చప్పుడుకు చెవులు పగిలిపోతున్నాయి. మమ్మల్ని చూసి మగ్గం ఆపాడు. గుమ్మం ముందు మా కారు... నిమ్మకాయలు కట్టి, వెనక అద్దం మీద వాళ్ల పాప పేరు రాయించి ఉంది.

"స్టీరింగు... ఎట్లున్నది తమ్మీ?" అన్నాడు బాపు.

"ఎడమకు గుంజుతుండె. మేస్త్రికి చూపిచ్చిన. పల్టీ కొట్టిన బండని చూడంగనే చెప్పిండు."

బాపు తల ఎత్తలేదు. "మరి రాలేదేంది? నా కాలర్ పట్టద్దా?"

"అద్దామనే బయలెల్లిన. మా ఆమె ఆపింది. మనం పొయ్యి లొల్లి పెడితే ఒట్టు అబద్ధమని పదిమందిల తేలుతది, గా పోరికేమన్న అయితే ఎట్ల అన్నది. పిల్ల మంచిగుంటే సాలని ఊకున్న." నన్ను చూసి ఆగాడు. "గిట్ల గుంజుకపోయిందేందన్నా? జరమచ్చిందా?"

బాపు కారు వెనక్కి తీసుకుపోతానన్నాడు. "రిపేరు చేయించిన, నడుపుకుంట. నేను అమ్మేటప్పుడు మాత్రం చెప్పే అమ్ముత" అన్నాడు రాజేశం. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి, ఏదో తీసినట్టే తీసి గోడకు రాసి, "తీసేసిన బిడ్డా, నీకేం గాదు" అన్నాడు.

ఆ రోజు తర్వాత బాపు నా తల మీద చెయ్యి వెయ్యలేదు. పదో తరగతి పాసైనప్పుడు మిఠాయి చేతికిచ్చాడు. నా పెళ్లిలో కాళ్లకు మొక్కితే అక్షింతలు పైనుంచి చల్లాడు.

మొన్న మేం మా కారు అమ్మాం. జగిత్యాల నుంచి ఒక జంట వచ్చింది. బంపరు ఎక్కడ తగిలిందో, ఏ తలుపుకు రంగేయించామో చెబుతూ ఉన్నాను. "గన్ని చెప్తె ఎవడు కొంటడే?" అని మా ఆయన లోపల గొణుగుడు. మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్న బాపు అంతా విన్నాడు... నెమ్మదిగా లేచి, చెప్పులేసుకుని బజారుకు వెళ్లిపోయాడు. ఇన్నేళ్లయినా ఆయన సిగ్గు ఆయనకే ఉంది, నా సిగ్గు నాకే ఉంది. ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు కొనేవాళ్లు ఫోన్లోనే ఫొటోలు అడుగుతున్నారు, సర్వీసు కాగితాలు అడుగుతున్నారు... బిడ్డ మీద ఒట్టు ఎవరూ అడగడం లేదు. మంచిదే.

మీ నాన్న మీ తల మీద చివరిసారి ఎప్పుడు చెయ్యి పెట్టారో గుర్తుందా? రాయండి... అలాంటివి చదవాలని ఉంది.