మూడో మెట్టు మీద రాసిన ఎత్తులు

మొన్న హార్డ్‌వేర్ షాపులో ఎవరో స్టీలు టేపు లాగి వదిలేశారు. అది సర్రుమని లోపలికి దూరిన చప్పుడుకి, అమెరికాలో, నోవై ఊళ్లో మా పక్కింటి రే గారి బేస్‌మెంట్ కళ్లముందుకొచ్చింది. ఆయన కార్ల ఫ్యాక్టరీలో అచ్చులు చేసి రిటైరయ్యారు. భార్య డోనాకి నరాల జబ్బు; కాళ్లు కొయ్యల్లా బిగుసుకుపోయేవి. మిషిగన్‌లో వైద్యానికి గంజాయి పెంచుకోవచ్చన్న చట్టం వచ్చాక, ఆయన అనుమతి కార్డు తీసుకుని ఆమె కోసం కొన్ని మొక్కలు పెంచేవారు.

నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. రోజంతా లైబ్రరీలో మొక్కల పుస్తకాలు చదివేదాన్ని. చదివింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే తోచేది కాదు. "చూస్తే చూడు, ముట్టుకోకు. వీసా గుర్తుంచుకో" అన్నాడు మా ఆయన. అందుకే బేస్‌మెంట్ మూడో మెట్టు దాటేదాన్ని కాదు. రే గారు కొలిచి అంగుళాలు చెప్తే, ఆ మెట్టు మీదే కూర్చుని రాసుకునేదాన్ని.

డోనాకి ఒక్క మొక్క మందే పనిచేసేది. అదేమో సీలింగ్ లైట్లకి తగిలేంత పెరిగి, చివర్లు మాడ్చుకునేది. రే గారు ఒక పొట్టి మొక్క పుప్పొడి దానికి అద్ది విత్తనాలు తీశారు. చట్టం చెప్పిన సంఖ్య దాటకూడదు కాబట్టి, పిల్ల మొక్కలకి చోటు కావాలంటే ఆ పాత పొడుగు మొక్కని పీకాలి.

"పీకేయండి మిస్టర్ రే. పిల్లలన్నీ ఒకే ఎత్తు, మీ నడుం దాకా వస్తాయి. గోధుమని అలాగే పొట్టి చేశారు, పుస్తకంలో ఉంది."

"ప్రామిస్?"

"ప్రామిస్."

పీకేశారు. రెండు నెలలకి ఒకటి మోకాలి దాకా, ఒకటి నడుం దాకా, రెండు ఛాతీ దాకా వచ్చాయి. ఒకటైతే ఆయన టోపీనే దాటింది.

"ప్రొఫెసర్, ఇవి నీ పుస్తకం చదివినట్టు లేవు!" అని నవ్వారు. నాకు సిగ్గుతో పాటు, నిజం చెప్పాలంటే, ఆశ్చర్యం కూడా. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఇన్ని ఎత్తులా! లైబ్రరీకి పరుగెత్తాను. ఆ గోధుమలు తరాల తరబడి ఏరిన స్వచ్ఛమైన రకాలు, మావి కలగాపులగం. పైగా ఎత్తుని ఒక్క జన్యువు కాదు, ఎన్నో చిన్న చిన్నవి కలిసి నిర్ణయిస్తాయట.

చెప్దామని వెళ్తే డోనా కుర్చీలో ఉంది. పాత మొక్కతో చేసిన మందు సీసా అడుగంటింది.

"వీటిలో నాకు ఏది పనిచేస్తుందో పుస్తకంలో ఉందా, హనీ?"

"లేదు ఆంటీ. నాకూ తెలీదు."

"అయితే ఒక్కోటీ చూద్దాం. నువ్వు రాసుకో" అంది.

పూత వచ్చాక ప్రతి మొక్క నుంచీ ఒక కొమ్మ కోసి ఆరబెట్టారు. ఎత్తుల పక్కనే ఇంకో గడి గీశాను. మోకాలిది: లాభం లేదు. నడుముది: లేదు. ఛాతీవి: కొంచెం. చివరగా టోపీ దాటినది. మర్నాడు నేను బెల్ కొడితే, నడిచొచ్చి తలుపు తీసింది డోనా.

రే గారు ఆ పొడుగు మొక్కని గుడ్డ పేలికలతో రోజుకి కాస్త చొప్పున పక్కకి వంచి కట్టారు. లైట్లకి తగల్లేదు.

"పాతదాన్ని కూడా మొదట్లోనే ఇలా వంచొచ్చుగా?" అన్నాను.

"నీ పాఠం వింటూ కూర్చున్నానుగా!"

ఇప్పటికీ వారానికి రెండు పుస్తకాలు తెచ్చుకుంటాను. చదివింది చెప్పకుండా ఉండలేను కూడా. కానీ ఎవరికైనా "చేసేయండి" అనే ముందు ఆగుతాను. ఇది తప్పైతే నొప్పి ఎవరికి అని అడుగుతాను. వాళ్లు ఎదురుగా ఉంటే, ముందు వాళ్లనే అడుగుతాను.