చూపుడువేలి మీద చుక్క

ఇళ్ల గోడలు కడిగే పనివాళ్లలో అతన్ని సొంత పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరూ బెదురు బావ అనే అంటారు. ఆ పేరు పెట్టిన పుణ్యం అతని బావమరిదిదే. ఇద్దరూ కలిసి, ఒత్తిడితో నీళ్లు చిమ్మే ఒక ప్రెషర్ మెషిన్ కొనుక్కుని, నాచు పట్టిన గోడలూ మసిబారిన ప్రహరీలూ కడుగుతూ బతుకుతున్నారు.

బెదురు బావ ఏ ఇంటికెళ్లినా వెంటనే మెషిన్ గొట్టానికుండే గన్ ముట్టుకోడు. ముందు ఇంటి చుట్టూ తిరుగుతాడు. బయటి లైట్లకు కరెంటు తీయించి, స్విచ్ బోర్డులకు ప్లాస్టిక్ కవర్లు చుట్టి టేపు వేస్తాడు. కిటికీ రెక్కలు ఒక్కొక్కటీ తోసి చూస్తాడు. కుక్కను కట్టేయమంటాడు. వంటింట్లో కుక్కర్ కూతపెడితే ఉలిక్కిపడే మనిషి, గోడ పెచ్చులు ఎగిరిపడేంత జోరుగా నీళ్లు చిమ్మే గొట్టం పట్టుకోవడమేమిటని జనం నవ్వుతారు. నవ్వితే నవ్వారు గానీ, అతను కడిగిన ఇంట్లో ఒక్క అద్దం పగిలింది లేదు, ఒక్కరికి షాక్ కొట్టింది లేదు. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. జరగని ప్రమాదాన్ని మెచ్చుకునేవాళ్లెవరు?

ఆ రోజు రెండంతస్తుల ఇల్లు. సగం గోడ అయ్యేసరికి గన్ మూతికుండే నాజిల్‌లో ఇసుక రేణువు ఇరుక్కుని నీళ్లు వంకరగా చిమ్మసాగాయి. అలాంటప్పుడు మెషిన్ ఆపాలి. గొట్టంలో మిగిలిన ఒత్తిడి పోయేదాకా గన్ మీట నొక్కి పట్టాలి. ఆ తర్వాతే నాజిల్ ముట్టుకోవాలి.

"ఒరేయ్, మెషిన్ ఆపు," అన్నాడు.

"ఇంత దానికి మెషిన్ ఆపాలా బావా? దోమ కుట్టినా అంబులెన్స్ పిలిచేలా ఉన్నావే!" అన్నాడు బావమరిది.

పై అంతస్తు కిటికీలోంచి ఇంటావిడ కిసుక్కున నవ్వింది. అతనికి తల కొట్టేసినట్లయింది. సరేలే అనుకుని, మెషిన్ నడుస్తుండగానే గన్‌ను మోకాళ్ల మధ్య ఇరికించుకుని నాజిల్ తిప్పబోయాడు. మోకాలు మీటను నొక్కేసింది, నీటిధార వేలికి తగిలింది.

నొప్పి పెద్దగా లేదు. సూది గుచ్చినట్లయింది, అంతే. చేతి తొడుగు తీసి చూస్తే చూపుడువేలి మీద ఆవగింజంత చుక్క. రక్తం కూడా సరిగా రాలేదు. అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

మెషిన్ అమ్మినాయన ఆనాడే చెప్పాడు. ఆ నీళ్లు చర్మంలోంచి దూరితే పైకేమీ కనిపించదు, లోపల కండను చీల్చుకుంటూ పోతాయి. నొప్పి లేదని కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి, లేదంటే వేలు తీసేయాల్సి వస్తుంది అని. ఆ మాట విన్న పూట బెదురు బావకు అన్నం సయించలేదు. బావమరిది ఆవులించాడు.

"ఏమైంది బావా?"

"ఏం లేదు."

ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. జీవితమంతా ప్రతిదానికీ బెదిరినవాడు, నిజంగా బెదరాల్సిన వేళకు ధీరుడైపోయాడు! చుక్క చూపించి ఆసుపత్రి అంటే వాళ్లిద్దరూ ఎలా నవ్వుతారో తలచుకుని, తొడుగు మళ్లీ వేసుకున్నాడు. ఈసారి మెషిన్ ఆపించి నాజిల్ శుభ్రం చేసి, "నువ్వు కడుగు," అని గన్ బావమరిదికి ఇచ్చేసి ప్రహరీ పక్కన కూలబడ్డాడు.

తొడుగు లోపల వేలు ఉబ్బుతోంది. గిల్లి చూసుకుంటే మొద్దుబారి ఉంది. ఈ చెయ్యి పోతే ఏం చేసి బతకాలి? ఇంటికెళ్లి పెళ్లానికి ఏమని చెప్పాలి? బావమరిదికి చెబుదామని రెండుసార్లు లేవబోయాడు, మళ్లీ కూర్చున్నాడు.

ఇదే అదనుగా బావమరిది గోడకు నిచ్చెన వేశాడు. నిచ్చెన మీద నిలబడి గన్ నొక్కితే అది మనిషిని వెనక్కి తోసేస్తుంది. వాడు రెండు మెట్లెక్కితే చాలు, కింద బెదురు బావ లబోదిబోమంటాడు. ఆ గోల వినడం వాడికో సరదా. రెండు మెట్లెక్కాడు. నాలుగెక్కాడు. గన్ ఎత్తాడు. కింది నుంచి చిన్న అరుపు కూడా లేదు.

వాడు గన్ దించేశాడు. తిరిగి చూస్తే, బావ తన చేతినే చూసుకుంటూ కూర్చున్నాడు. వాడు గబగబా దిగొచ్చి తొడుగు లాగబోయాడు. అది రాలేదు. కత్తిరించి చూసేసరికి వేలు పాలిపోయి, బిర్రబిగిసి ఉంది. మెషిన్ అక్కడే వదిలేసి వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

"వేలు కోసి లోపలంతా శుభ్రం చేయాలి," అన్నాడు డాక్టరు. "నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేను."

స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు.

"భయంగా ఉందా బావా?"

"లేదురా."

బావమరిది భోరుమన్నాడు. "అలా అనకు బావా! నువ్వున్నావు కదా, అన్నీ చూసుకుంటావు కదా అనే నేను ఇన్నాళ్లూ ఎగిరెగిరి పడ్డాను. నువ్వు కూడా భయపడకపోతే ఇంక మనల్ని చూసేదెవరు?"

బెదురు బావ వాడి వైపు తిరిగాడు.

"చాలా భయంగా ఉందిరా," అన్నాడు. "ఆ ఆపరేషన్ గది తలుపు దాకా రా."

వాడు అతని ఎడమచెయ్యి పట్టుకుని తలుపు దాకా నడిచాడు.