నా ముఖంతో తెరుచుకున్న తలుపు

డోన్‌లో ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన నేను, పింఛను కోసం ఏటా ఫోనుకు ముఖం చూపి, బతికే ఉన్నానని ధ్రువీకరించాలి. రెండేళ్ల క్రితం ఆ పనిని ఇంటర్ చదువుతున్న మనవడు మహేశ్‌కు అప్పగించాను. "తాతా, కండ్లు ఆర్పు" అన్నాడు. ఆర్పాను. మరునాడు, "నిన్న సరిగా పడల్యా" అంటూ మళ్లీ ఆర్పించాడు.

నెల తర్వాత ఫోను మొరాయిస్తే, నా పూర్వ విద్యార్థి మస్తాన్ దుకాణానికి తీసుకెళ్లాను.

"గోలీలాడితేనే మమ్మల్ని బెత్తంతో కొడ్తిరి. మీరేమో క్రికెట్ పందేలు కాస్తాండారా సార్?" అని ఫోనులోని పందేల యాప్ చూపి నవ్వాడు. అంతలోనే అతని నవ్వు ఆగిపోయింది. "ఖాతా మీ మొగంతోనే తెరిచిండారు సార్. శానా దుడ్డు పోయిండాది."

ఇంటికి పరుగెత్తాను. ఫోను దుకాణానికి వెళ్లిందని తెలియగానే మహేశ్ గదిలో గడియ పెట్టుకున్నాడని కోడలు చెప్పింది. ఎంత పిలిచినా పలకలేదు. ఒక్క కేకతో తరగతులను నిశ్శబ్దం చేసిన నేను, గొంతు తగ్గించి తలుపుకు చెవి ఆనించాను.

"కొట్టను నాయనా, గడియ తియ్యి" అని వేడుకున్నాను.

ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది. "పద్దెనిమిది నిండల్యాదని నన్ను పందేల్లోకి రానీయల్యా తాతా. అందుకే నీ మొగం పెట్టినా" అని ఏడ్చాడు.

పిల్లలను ఆపే నిబంధనను నా ముఖమే దాటించింది. ఆడుతున్నది ఎవరో ప్రతిసారీ చూడని తనిఖీ తనిఖీయే కాదు. దానిని సరిచేయవలసినది ప్రభుత్వమే. నేను చేయగలిగినది ఒక్కటే. ఇప్పుడు తెరపై ఉన్నదంతా, నేనూ చూస్తుండగా, మహేశ్ పైకి చదివి వినిపించాకే రెప్ప ఆర్పుతున్నాను.