హిల్డా మేడం ఊరి బాట

ఈ అరబ్బు దేశపు ఊరు బౌషర్‌లో రోడ్డు పక్కన గడ్డి కోస్తున్నారు. కోసిన పచ్చి వాసన బస్సు కిటికీలోంచి రాగానే హిల్డా మేడం గుర్తొచ్చింది. ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేరినప్పుడు నా మొదటి వార్డు ఇన్‌చార్జి ఆవిడే. ఇంగ్లండులో ఓ చిన్న పల్లెటూరి మనిషి. టీ తాగుతూ ఎప్పుడూ ఆ ఊరి సంగతులే చెప్పేది. ఊరి వెనక తెల్లటి సుద్దగుట్ట. దాని అడుగున ఊట పుట్టి, వాగై, పాత పిండిమర దాకా పారుతుందట. చర్చి నుంచి ఆ మరకు ఓ భూస్వామి గోధుమచేను మధ్యగా కాలిబాట. ఆవిడ నాయనమ్మ కాలంలో ఆయన దానికి అడ్డంగా కంచె వేశాడు. ఆదివారం ఆరాధన కాగానే నాయనమ్మ ఆ తీగలు కత్తిరించి ముందు నడిచింది, ఊరంతా వెనక నడిచింది. ఆయన మళ్లీ వేయించాడు, వీళ్లు మళ్లీ కత్తిరించారు. చివరికి విసిగింది ఆయనే.

“మా పేటవాళ్లు పెద్దవీధిలోకి రాకూడదని, మా అమ్మమ్మ కాలవగట్టు చుట్టి సంతకు వెళ్లేదండి,” అన్నాను ఒకసారి. మాది నరసాపురం వైపు.

“ఎన్నాళ్లు?”

“మా అమ్మ వీధిలోంచే నడిచేదాకా.”

ఆవిడ కప్పు కింద పెట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ వేసవిలో కొత్త మేనేజరు ఆర్డరు పెట్టాడు: నర్సులు ముందు ద్వారంలోంచి రాకూడదు, జనరేటర్ల వెనకనుంచి చుట్టి రావాలి. మధ్యాహ్నపు ఎండలో అలా వస్తూ మాలో ఒకమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. మర్నాడు హిల్డా మేడం హాస్టలుకే వచ్చి, మమ్మల్ని వెంటేసుకుని ముందు ద్వారానికి నడిచింది. “ఆర్డర్ ఉంది మేడం,” అన్నాడు నిజామాబాద్ నుంచి వచ్చిన వాచ్‌మన్. “ఉండనీ,” అని తలుపు తోసింది. రోజూ అలాగే తీసుకొచ్చింది. ఆవిడ కాంట్రాక్టు ఇక పొడిగించేది లేదని మేనేజరు చెప్పినా ఆపలేదు.

కాంట్రాక్టు ముగిసి ఆవిడ విమానమెక్కిన మర్నాడు హాస్టలు గేటు దగ్గర అందరం ఆగిపోయాం. ముందు నేనే నడిచాను. ముందు ద్వారం దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. “అక్కా, నేనేం జూడలే. పో,” అన్నాడు. నా వెనక చెప్పుల చప్పుడు వినిపించింది.

ఆ ఆర్డరును ఇప్పటికీ ఎవరూ రద్దు చేయలేదు. ఇప్పుడు ఇన్‌చార్జిని నేనే. మొన్న తుని నుంచి వచ్చిన కొత్త నర్సు ముందు ద్వారం మెట్ల దగ్గర తటపటాయించింది.

“ఇటు రానిస్తారా అక్కా?”

“రానివ్వడానికి వాళ్లెవరు? నడు.”