గాడిలో జారే తలుపులు

డెబ్బైయవ దశకం చివర్లో, అరబ్బు దేశంలో నేను పనిచేసే రుస్తాఖ్ ఊరి వడ్రంగి వర్క్‌షాప్‌కు ఒక ముసలి రైతు వచ్చాడు. ఊరి బయట ఖర్జూర తోట ఉన్నవాడు. వచ్చీరాని హిందీలో, చేతులతో చూపిస్తూ తనకేం కావాలో చెప్పాడు. భార్యకు కీళ్లవాతంతో వేళ్లు ముడుచుకుపోయాయట. అల్మారా పిడి పట్టి లాగలేదు. కాస్త తోస్తే పక్కకు జరిగే తలుపులు కావాలి.

"ఆమె బట్టలు ఆమే తీసుకోవాలి. నన్ను అడగడం ఆమెకు నచ్చదు," అన్నాడు.

అలాంటి తలుపులు నడవాలంటే పైచెక్కలోనూ కిందిచెక్కలోనూ తలుపు అంచు జారే గాడి తియ్యాలి. మా ఊళ్లో నేను గాడి ఉలితోనే తీసేవాణ్ని. ఇక్కడ రంపం మిషన్ ఉంది. ఇనప బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చి తిరుగుతుంది. దాన్ని చూస్తే నాకు బెరుకు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన పెద్ద వడ్రంగి ఒకాయన మాతో ఉండేవాడు. అన్నా అని పిలిచేవాణ్ని. ఆయనే నాతో ఆ పని చేయించాడు.

"వేరే కోతలల్ల బ్లేడు కండ్లకు కనవడ్తది తమ్మీ. గాడి తీసేటప్పుడు కట్టె కింద దాసుకుంటది. కట్టె అయిపోంగనే ఎన్కనుంచి బయటికొస్తది. గప్పుడు నీ చెయ్యి ఆడ ఉండొద్దు."

ముందు కరెంటు తీగ ఊడదీసి, బ్లేడును గోరంత ఎత్తుకు దించాడు. లోతు ఒక్కసారే తియ్యొద్దన్నాడు. చెక్కను చేత్తో కాక, దాని వెనక అంచుకు ఆనించే పిడి ఉన్న కర్రముక్కతో తొయ్యమన్నాడు. నా మణికట్టుకున్న దారం విప్పించి, బ్లేడుకు ఎదురుగా కాకుండా పక్కకు నిలబెట్టాడు.

మొదటి చెక్క బాగానే వచ్చింది. రెండోది సగం దాటగానే బ్లేడు దాన్ని పట్టుకుని వెనక్కి విసిరింది. నా నడుము పక్క నుంచి దూసుకుపోయి గోడకు తగిలింది.

అన్న మిషన్ ఆపి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. తిప్పి తిప్పి ఒక్కో వేలూ తడిమాడు.

"నాకేం కాలేదన్నా."

"నీ పిల్లలు యాదికొచ్చిన్రు," అన్నాడు. ఫ్లాస్కులోంచి టీ పోసి, నేను తాగేదాకా పక్కనే కూర్చున్నాడు.

తరువాత ఆ చెక్కను బల్ల మీద పెట్టి చూస్తే ఒక మూల లేస్తోంది. వంకర ఉంది, అందుకే బ్లేడు పట్టి విసిరింది. చిత్రిక పట్టి సాపు చేసి, మళ్లీ నాకే ఇచ్చాడు.

"నువ్వు తియ్యన్నా."

"ఇయ్యాల ఇడిసిపెడితే రేపు దీని దగ్గరికి రావు. నేనీడనే ఉంట."

స్విచ్చి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఈసారి గాడి తిన్నగా వచ్చింది. అందులో కొవ్వొత్తి మైనం రుద్ది తలుపులు ఎక్కించాం.

అల్మారాను తోటలోని ఇంట్లో దించినప్పుడు ఆమె వచ్చి మణికట్టుతో తలుపును నెట్టింది. చప్పుడు లేకుండా జరిగింది. మూసింది, మళ్లీ తెరిచింది. సాయానికి ముందుకొచ్చిన భర్త చేతిని పక్కకు తోసి అరబీలో ఏదో అంది. ముసలాయన నవ్వాడు.

"పోయి తోట పని చూసుకోమంటున్నది," అని అన్న నాకు చెప్పాడు.

మాకు ఖర్జూరాలు పెట్టి, అక్కడివాళ్ల కాఫీ కహ్వా పోయించింది. అది కాచేటప్పుడు కహ్వా పొడి డబ్బా మూతను మాత్రం ఆమె తీయలేకపోయింది. భర్త తీసిపెడుతుంటే తల పక్కకు తిప్పుకుంది. అన్న అది చూశాడు.

శుక్రవారం సెలవు. ఆ రోజు ఆయన టేకు ముక్కలు ఏరి చిన్న పెట్టె చేశాడు. మూత జారే గాడి నన్నే తియ్యమన్నాడు. సాయంత్రం ఇద్దరం తోటదాకా నడిచి వెళ్లి ఇచ్చాం. ఆమె బొటనవేలి పక్కతో నెట్టగానే మూత జరిగింది. లోపలికి తొంగిచూసి, మమ్మల్ని కూర్చోమని, మూత తీసి ఉన్న డబ్బాలోని కహ్వా పొడి తానే తెచ్చి పెట్టెలో పోసింది. కొంచెం కింద ఒలికింది. సాయానికి ఎవరమూ లేవలేదు. ఆమే తుడుచుకుంది.